సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు: నాన్న కారు డైరీ

జూన్ 15, శనివారం

పొద్దున ఐదున్నరకే బ్యాగు సర్దుకుని కిందకి దిగాను, నెల్లూరు పోయి రెండ్రోజులుండి రావాలని. తాళం తిప్పా. సెల్ఫ్ తిరిగింది, గట్టిగానే తిరిగింది, కానీ ఇంజన్ అందుకోలేదు. మళ్ళీ తిప్పా, మళ్ళీ అంతే. నాలుగోసారికి ఆపేశా, ఎందుకంటే సెల్ఫ్ మోటార్‌ని పది సెకన్ల మించి ఆపకుండా తిప్పకూడదు, మధ్యలో ఒక నిమిషమన్నా చల్లారనివ్వాలి, లేకపోతే ఉన్న సమస్య పక్కన ఇంకో సమస్య తెచ్చి పెట్టుకున్నట్టే.

ఈ బండి గురించి రెండు ముక్కలు. 2013 మోడల్, చిన్న పెట్రోల్ కారు, ఏపీ 26 నంబరు. నాన్న రిటైరయ్యాక కొన్నది, తొమ్మిదేళ్ళు ఆయనే నడిపారు, చూపు తగ్గాక నాకిచ్చేశారు. సర్వీసు పుస్తకంలో ప్రతి ఆయిల్ మార్పు ఆయన చేతిరాతతో ఉంది, కిలోమీటర్లతో సహా. పోయిన నెల కంటి ఆపరేషన్ అయింది, వచ్చే శనివారం 22న చెకప్‌కి నేనే తీసుకెళ్తానని మాటిచ్చాను, అందుకని నాకు వారం గడువుంది. షెడ్డుకి పంపించేసి చేతులు దులుపుకోవచ్చు కానీ ఈ కారుని నా చేత్తోనే బాగుచెయ్యాలని ఉంది, అందుకే రాసుకుంటూ పోతున్నా.

ముందు ఒకటి తేల్చుకోవాలి. "స్టార్ట్ అవట్లేదు" అంటే రెండు వేర్వేరు జబ్బులు. తాళం తిప్పితే టక్ మని ఊరుకోవడం ఒకటి, అది బ్యాటరీ, టెర్మినళ్ళు, సెల్ఫ్ మోటార్ వైపు చూడాల్సింది. సెల్ఫ్ బాగా తిరిగి ఇంజన్ పట్టుకోకపోవడం ఇంకోటి, నాది ఇదీ. ఇంజన్ అందుకోవాలంటే కావాల్సినవి నాలుగే: పెట్రోలు, స్పార్కు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి గట్టిగా నొక్కుకోవడం), ఈ మూడూ సరైన సమయానికి కలవడం.

బ్యాటరీ మీద మీటర్ పెట్టా. ఊరికే ఉన్నప్పుడు 12.5 వోల్టులు, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10.3. తిప్పేటప్పుడు 9.6 కంటే కిందకి పడకపోతే బ్యాటరీని వదిలెయ్యొచ్చు. ఇమ్మొబిలైజర్ దీపం ఇగ్నిషన్ వెయ్యగానే వెలిగి ఆరిపోయింది, అంటే తాళాన్ని బండి గుర్తుపట్టింది. రెండో తాళంతో కూడా చూశా, తేడా లేదు. పెట్రోలు ముల్లు సగం దగ్గరుంది.

తర్వాత పక్కింటి అబ్బాయిని తాళం తిప్పమని నేను బానెట్ దగ్గర నిలబడి చెవి పెట్టి విన్నా. టైమింగ్ బెల్టు గానీ చైను గానీ తెగితే సెల్ఫ్ చప్పుడు మారిపోతుంది, బరువు లేనట్టు జర్రున తిరుగుతుంది, లేదా ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా కుంటుతుంది. ఇక్కడ అట్లా లేదు, నాలుగూ ఒకే తీరుగా రుమ్ రుమ్ రుమ్ అంటున్నాయి. ఇంజన్ లోపల పెద్ద దెబ్బేమీ లేదన్నమాట. అక్కడే సగం భయం పోయింది.

ఎలుకలు కొరికాయేమో అని ఇంజన్ బేలో వైర్లన్నీ టార్చి వేసి చూశా. చెన్నైలో మా వేళచ్చేరి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఎలుకలు బాగా ఎక్కువ, కింది ఫ్లాటు వాళ్ళ కారుకి ఇంజెక్టర్ వైరు తినేశాయి ఒకసారి. నాకు ఏమీ కనబడలేదు.

నాన్నకి ఫోన్ చేసి ఈ వారం రావట్లేదని చెప్పా. "పోయినసారి నువ్వొచ్చినప్పుడే అనుకున్నారా, రెండు తిప్పులు ఎక్కువ తిరుగుతోంది అని" అన్నారు. ఆ మాట రాసి పెట్టుకుంటున్నా. అంటే ఇది ఇవ్వాళ ఊడి పడింది కాదు, నెల నుంచి మెల్లగా పెరుగుతూ వచ్చింది.

జూన్ 16, ఆదివారం

ఇవ్వాళంతా స్పార్కా, పెట్రోలా అని విడదీసే పని.

మొదట ఓబీడీ, అంటే బండి కంప్యూటర్‌ని చదవడం. స్టీరింగ్ కింద సాకెట్లో బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్లో చూశా. ఎర్రర్ కోడ్ ఒక్కటీ లేదు. కోడ్ లేదంటే జబ్బు లేదని కాదు, ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి) కనబడే జబ్బు కాదని అంతే. పనికొచ్చింది లైవ్ డేటా: సెల్ఫ్ తిరుగుతుంటే ఆర్‌పీఎం 210, 220 చూపించింది. ఇది చాలా ముఖ్యం. ఇంజన్ తిరుగుతోందని చెప్పే క్రాంక్ సెన్సార్ చచ్చిపోతే ఇక్కడ సున్నా వస్తుంది, సున్నా వస్తే ఈసీయూ ఇంజన్ తిరగట్లేదు అనుకుని స్పార్కూ ఇవ్వదు, ఇంజెక్టరూ తెరవదు, పంపూ ఆపేస్తుంది. ఒక్క సెన్సార్ పోతే మూడూ పోయినట్టు కనిపిస్తుంది కాబట్టి ముందు ఇది చూసుకోవడం మంచిది. కూలెంట్ ఉష్ణోగ్రత 33 డిగ్రీలు చూపించింది, బేస్‌మెంట్లో ఉన్న ఉక్కకి అది సరిపోయింది. ఆ సెన్సార్ వైరు తెగితే మైనస్ 40 చూపిస్తుంది, అప్పుడు ఈసీయూ మంచు దేశంలో ఉన్నామనుకుని పెట్రోలు గుమ్మరించి ప్లగ్గులు తడిపేస్తుంది. నాది అది కాదు.

తర్వాత ప్లగ్గులు విప్పా. నాలుగూ పొడిగా ఉన్నాయి. ఇంతసేపు తిప్పాక ప్లగ్గు తడిగా, పెట్రోలు వాసనతో ఉండాలి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మంట రావట్లేదు అని అర్థం, అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని సెల్ఫ్ తిప్పితే చాలా బళ్ళలో ఈసీయూ పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పంపి సిలిండర్లని ఆరబెడుతుంది. పొడిగా ఉన్నాయంటే పెట్రోలే రావట్లేదు.

అయినా స్పార్కు కళ్ళతో చూడాలి కదా. ప్లగ్గుని చేత్తో పట్టుకుని ఇంజన్‌కి ఆనించి చూసే పాత పద్ధతి వద్దు, స్పార్కు పుట్టించే కాయిల్ నుంచి వేల వోల్టులు వస్తాయి, చేతికీ ప్రమాదమే, కాయిల్‌కీ ప్రమాదమే. స్పార్క్ టెస్టర్ అని దొరుకుతుంది, ప్లగ్గుకీ కాయిల్‌కీ మధ్య పెడితే వెలుగుతుంది. నాలుగు సిలిండర్లలోనూ వెలిగింది, చక్కగా.

చివరి పరీక్ష స్టార్టింగ్ ఫ్లూయిడ్. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి ఒక్క సెకను స్ప్రే కొట్టి, డబ్బా దూరంగా పెట్టి, మూత బిగించి తిప్పమన్నా. భగ్గున అందుకుంది! రెండు సెకన్లు నడిచి ఆగిపోయింది. ఆ రెండు సెకన్ల చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది నాకు. ఇంజన్ బాగుంది, స్పార్కు బాగుంది, టైమింగ్ బాగుంది, తిండి లేదు అంతే. ఈ స్ప్రే బాగా మండే సరుకు, రెండోసారి కొట్టబుద్ధి అయినా కొట్టలేదు, తెలుసుకోవాల్సింది ఒక్కసారికే తెలిసిపోయింది.

జూన్ 17, సోమవారం, బక్రీద్ సెలవు

ఇవ్వాళ పెట్రోలు దారి. ట్యాంకులో పంపు, పంపుకి ఫ్యూజు, రిలే (పంపుకి కరెంటు వేసి ఆపే స్విచ్చు), ఆ పైన ఫిల్టరు, పైపు, ఇంజెక్టర్లు.

వెనక సీటు ఎత్తి, ట్యాంకు మూత మీద చెవి పెట్టి, పక్కింటి అబ్బాయిని ఇగ్నిషన్ వెయ్యమన్నా. రెండు సెకన్లు గుయ్‌మని ఆగింది. పంపు తిరుగుతోంది. కాకపోతే ఆ చప్పుడు కొంచెం నీరసంగా ఉందనిపించింది, కానీ బాగున్నప్పుడు ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ విన్లేదు కాబట్టి పోల్చుకోవడానికి లేదు. (ఇది చదివేవాళ్ళకి: బండి బాగున్నప్పుడే ఒకసారి సీటు ఎత్తి ఆ చప్పుడు ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి, పది సెకన్ల పని, నాకు ఆ రికార్డు ఉంటే రెండ్రోజులు మిగిలేవి.)

ఫ్యూజు బాగుంది. రిలేని హారన్ రిలేతో మార్చి చూశా, రెండూ ఒకే రకం, తేడా లేదు.

మా వీధి చివర షెడ్డాయన్ని పిలిచా, ఆయన దగ్గర ప్రెషర్ గేజ్ ఉంది. సెలవైనా వచ్చాడు, మంచాయన. పంపు ఫ్యూజు పీకి ఒకసారి సెల్ఫ్ తిప్పి లైన్లో ప్రెషర్ దించి, అప్పుడు పైపు విప్పి గేజ్ కట్టాడు. ఇది తప్పకుండా చెయ్యాలి, లేకపోతే పెట్రోలు మొహం మీదకి చిమ్ముతుంది. ఫ్యూజు పెట్టి ఇగ్నిషన్ వేస్తే 1.2 బార్ దగ్గర నిలబడింది. ఉండాల్సింది 3 బార్. "పంప్ పోయిడుచ్చు సార్, మాత్తిడలాం" అన్నాడు, పంపు పోయింది, మార్చేద్దాం అని. పంపు సెట్టూ కూలీ కలిపి 7,500.

గేజ్ చూపించింది నిజమే, దానిమీద అనుమానం లేదు. అయినా ఒక్కరోజు ఆగమన్నా, పంపు దగ్గరికి కరెంటు సరిగ్గా వస్తోందో లేదో కూడా చూసుకుందామని. ఆయన వెళ్ళాక పంపు కనెక్టర్ పీకి, కనెక్టర్లో రెండు పిన్నుల మధ్య మీటర్ పెట్టి ఇగ్నిషన్ వేస్తే 12.3 వోల్టులు వచ్చింది. కరెంటు బ్రహ్మాండంగా ఉంది, అంటే పంపే పోయిందని రాత్రి పుస్తకంలో రాసేశా కూడా. ఆ లైను కొట్టెయ్యకుండా ఉంచుతున్నా, ఎందుకో ఎల్లుండి తేదీలో ఉంది.

జూన్ 18, మంగళవారం

ఆఫీసు అయ్యాక వేళచ్చేరిలో రైలెక్కి చింతాద్రిపేటలో దిగి జీపీ రోడ్డుకి నడిచా. మౌంట్ రోడ్డు పక్కనే, వీధి పొడుగూతా కారు సామాన్ల షాపులే. పంపు సెట్టు 5,800 అన్నారు. జేబులోంచి డబ్బులు తీస్తుంటే షాపాయన "ఎలక్ట్రికల్ ఐటమ్ సార్, రిటర్న్ లేదు" అన్నాడు. ఆ మాటతో చెయ్యి ఆగింది. పంపు పోయిందని నాకు నూటికి నూరు పాళ్ళు తెలుసా? తెలీదు. పంపు తక్కువ ప్రెషర్ ఇస్తోందని తెలుసు, అంతవరకే.

షాపు బయట నిలబడి నెల్లూరులో మా మావయ్యకి ఫోన్ కొట్టా. మా అమ్మ తమ్ముడు, ముప్పై ఏళ్ళుగా ట్రాక్టర్లకీ లారీలకీ వైరింగ్ పని చేస్తున్నాడు. మొత్తం చెప్పా. ఆయన మధ్యలో ఒక్క మాటా మాట్లాడకుండా విన్నాడు.

"కనెక్టర్ పీకి పెట్టావా మీటరు, తగిలించి పెట్టావా?"

"పీకే మావయ్యా."

"అట్టయితే నువ్వు చూసింది ఏందిరా అబ్బయ్యా? పంపు లాగేటప్పుడు ఎంతుండాదో చూడాల గదా. మీటరుకి కరెంటు ఏం అవసరం, నూలుపోగంత వైరు మిగిలుండినా పన్నెండు చూపిస్తది. హెడ్‌లైటు బల్బు కట్టి చూడు. అదీ పంపూ ఒకేంత లాగుతాయి సుమారుగా. బల్బు తెల్లగా వెలిగితే పంపు మార్చెయ్. ఎర్రగా వెలిగితే మాత్రం పంపు జోలికి పోవద్దు."

పంపు కొనకుండా వెనక్కొచ్చేశా. దారిలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కి పోయి రింగు టెర్మినళ్ళు, హీట్ ష్రింక్ ట్యూబు, ఐదు మీటర్ల 2.5 స్క్వేర్ వైరు, ఇన్‌లైన్ ఫ్యూజు హోల్డర్ తెచ్చుకున్నా. మొత్తం 260 రూపాయలు.

జూన్ 19, బుధవారం రాత్రి

హెడ్‌లైట్ బల్బు కొనక్కర్లేకపోయింది. గ్లవ్ బాక్సులో నాన్న ఒకటి దాచి ఉంచారు, పాత జేబురుమాల్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి. రాత్రి ప్రయాణంలో బల్బు పోతే ఎట్లా అని ఎప్పుడో కొని పెట్టిందే.

పంపు మామూలుగా రెండు సెకన్లే తిరుగుతుంది, ఆ రెండు సెకన్లలో ఏమీ కొలవలేం. అందుకని రిలే పీకేసి, దాని సాకెట్లో 30, 87 నంబర్ల మధ్య (కరెంటు వచ్చే పిన్నూ, పంపుకి పోయే పిన్నూ) 10 ఆంపు ఫ్యూజు ఉన్న వైరు ముక్క పెట్టా, ఇక పంపు లైనుకి కరెంటు ఆగకుండా వస్తూనే ఉంటుంది. కనెక్షన్ ఇవ్వడం, తియ్యడం అంతా బానెట్ దగ్గరే చెయ్యాలి, సీటు కింద ట్యాంకు దగ్గర నిప్పురవ్వ పుట్టకూడదు. నాలుగు డోర్లూ తెరిచి, అపార్ట్‌మెంట్ ఫైర్ సిలిండర్ పక్కన పెట్టుకుని మొదలుపెట్టా.

పంపు కనెక్టర్లో పంపు బదులు బల్బు తగిలించి, ముందుకొచ్చి ఫ్యూజు పెట్టి, వెనక్కి తిరిగి చూశా. నారింజ రంగులో, ఆరిపోయే దీపంలా ఉంది.

మీటర్ 12.3 చూపించిన అవే రెండు పిన్నులు. మావయ్య చెప్పింది అప్పుడు పూర్తిగా అర్థమైంది. మీటర్ లోపల రెసిస్టెన్సు సుమారు కోటి ఓంలు, దానిలోంచి పోయే కరెంటు లెక్కలోకి రానంత చిన్నది, దారిలో ఒకటిన్నర ఓం అడ్డం ఉన్నా దానికి తెలియనే తెలియదు. పంపు మూడు నాలుగు ఆంపులు లాగుతుంది. ఆ కరెంటు ఆ ఒకటిన్నర ఓం దాటాలంటే ఐదు వోల్టులు అక్కడే పోతాయి, పంపుకి మిగిలేది సగం. పైపులో చెత్త అడ్డంపడితే కొళాయి కట్టేసి ఉన్నంతసేపూ ప్రెషర్ బాగానే ఉంటుంది, తిప్పితే సన్నటి ధార వస్తుంది, ఇదీ అంతే.

ఇప్పుడు ఆ అడ్డం ప్లస్ వైపా, ఎర్త్ వైపా (కరెంటు బండి రేకు మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి)? పంపు మళ్ళీ తగిలించి, తిరగనిచ్చి, మీటర్ తీగల్ని పొడుగు వైర్లతో పెంచి, బ్యాటరీ ప్లస్సు నుంచి పంపు ప్లస్ వైరు దాకా కొలిచా: 0.3 వోల్టు. పర్లేదు, ఇన్ని కనెక్టర్లు దాటి వస్తోంది కదా. తర్వాత పంపు ఎర్త్ వైరు నుంచి బ్యాటరీ మైనస్ దాకా: 4.6 వోల్టులు. ఆ తీగ రెండు కొసల మధ్య సున్నాకి దగ్గరగా ఉండాల్సింది. బ్యాటరీ దగ్గర 12.2 ఉంది, ఇవి రెండూ తీసేస్తే పంపుకి దక్కేది 7.3. ఆ మిగిలిన దాంతో అది 1.2 బార్ ఇస్తోందంటే పాపం ఇంకా గట్టిదే. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీయే పదికి దిగుతుంది కాబట్టి అప్పుడు ఇంకా తక్కువ. ఆ ఫ్యూజు వైరు బదులు మీటర్‌నే 10 ఆంపుల రేంజిలో పెట్టి కరెంటు కూడా చూశా, 3.1 ఆంపులు. 4.6ని 3.1తో భాగిస్తే ఒకటిన్నర ఓం, లెక్క కరెక్టుగా కుదిరింది.

టైము పదకొండు దాటింది, కానీ ఇక్కడ ఆపి పడుకోవడం నావల్ల కాలేదు. ఫ్యూజు తీసేసి, రిచీ స్ట్రీట్ వైరు ఒక కొస పంపు ఎర్త్ వైరుకి ముందు గట్టిగా కట్టి, రెండో కొస కిటికీలోంచి ముందుకి తెచ్చి బ్యాటరీ మైనస్‌కి బిగించా. రిలే యథాస్థానంలో పెట్టా. ఇగ్నిషన్ వేస్తే పంపు చప్పుడు మారిపోయింది, నీరసం పోయి సన్నగా, పదునుగా, గొంతు సవరించుకున్నట్టు. సెల్ఫ్ ఒక్క తిప్పు తిప్పా.

స్టార్ట్.

బేస్‌మెంట్ అంతా మోగింది, వాచ్‌మన్ తాత లేచొచ్చి చూసి చెయ్యూపాడు. నేను స్టీరింగ్ పట్టుకుని ఐదు నిమిషాలు అట్లానే కూర్చున్నా.

జూన్ 20, 21

ఇక ఆ ఎర్త్ ఎక్కడుందో పట్టుకోవాలి. పంపు నల్ల వైరుని చేత్తో తడుముకుంటూ పోయా, వెనక సీటు కింద నుంచి ఎడమ డోరు గడప దాకా వచ్చి ప్లాస్టిక్ పట్టీ కిందకి దూరింది. పట్టీ పీకి కార్పెట్ ఎత్తగానే వాసన కొట్టింది. కింద స్పాంజి తడిగా ఉంది, పిండితే బురదనీళ్ళు.

అప్పుడు గుర్తొచ్చింది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకి మా వేళచ్చేరి నీళ్ళలో మునిగింది, అప్పుడు బండి వీధిలో ఉంది, నీళ్ళు గడప అంచు దాకా వచ్చాయి. ఇంజన్‌లోకి పోలేదు, నీళ్ళు తీసేదాకా తాళం తిప్పలేదు, తర్వాత ఆయిల్ మార్చా, బ్రేకులు చూపించా, పైన కార్పెట్ ఎండబెట్టా, అంతా అయిపోయిందనుకున్నా. కింద స్పాంజి ఆరు నెలలుగా ఆ నీళ్ళు పట్టుకునే ఉంది. ఎర్త్ వైరుని రేకుకి బిగించిన బోల్టు సరిగ్గా దాని పక్కనే.

10 నంబర్ పానాతో విప్పా. రింగు టెర్మినల్ మీద పచ్చటి చిలుము, బోల్టు కింద రేకు మీద తుప్పు, పెయింటు పొక్కులు లేచి ఉంది. రింగుని గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించేస్తే సరిపోతుందనిపిస్తుంది, కానీ సరిపోదు. వైరు తోలు కొంచెం వలిచి చూస్తే లోపల రాగి నల్లగా ఉంది. తడి ఆ పోగుల మధ్య నుంచి పైకి పాకుతుంది. మెరిసే రాగి వచ్చేదాకా కోసుకుంటూ పోతే దాదాపు ఐదు సెంటీమీటర్లు పోయింది. కొత్త ముక్క కలిపి, కొత్త రింగు క్రింప్ చేసి, హీట్ ష్రింక్ వేశా. రేకుని తెల్లగా మెరిసేదాకా రుద్ది, పళ్ళ వాషర్ వేసి బిగించి, బిగించిన తర్వాత పైన వాజలిన్ దట్టంగా పూశా. ముందు పూసి బిగిస్తే కాదు, లోహం లోహాన్ని పట్టుకున్నాక దానికి కప్పులాగా పూయాలి.

పంపు తిప్పి మళ్ళీ కొలిచా. ఎర్త్ వైపు 0.05 వోల్టు. కరెంటు 4.8 ఆంపులు. షెడ్డాయన్ని పిలిచి గేజ్ పెట్టమంటే 3 బార్ మీద కదలకుండా నిలబడింది. ఆయన ఆ బోల్టు దగ్గర కూర్చుని చాలాసేపు చూశాడు, పాత రింగు ముక్క అడిగి తీసుకెళ్ళాడు, కుర్రాళ్ళకి చూపిస్తానని. వచ్చినందుకు 300 ఇస్తే 200 చాలన్నాడు.

ఇంకో సంగతి. ఏప్రిల్ నుంచి పెట్రోలు ముల్లు ఊగుతుండేది, ఇగ్నిషన్ వెయ్యగానే ఒకచోటికి పోయి రెండు సెకన్ల తర్వాత ఇంకోచోటికి వచ్చి ఆగేది. ఫ్లోటు (ట్యాంకులో తేలుతూ పెట్రోలు మట్టం చెప్పేది) అరిగిందేమో అనుకుని వదిలేశా. ట్యాంకులో ఫ్లోటుకీ పంపుకీ ఎర్త్ ఒకటే, పంపు తిరిగే ఆ రెండు సెకన్లూ ఎర్త్ పైకి లేచి ముల్లుని తప్పు చూపించేది. రెండు నెలల ముందే బండి చెప్పింది నాకు, ఈ బోల్టు సంగతి. ఇప్పుడు ముల్లు వేసిన చోట నిలబడుతోంది.

స్పాంజి రెండు ముక్కలుగా కోసి డాబా మీద ఆరేశా. మద్రాసు జూన్ ఎండకి కూడా రెండ్రోజులు పట్టింది.

జూన్ 22, శనివారం, నెల్లూరు

తెల్లారి నాలుగింటికి బయల్దేరి తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా టిఫిన్ టైముకి ఇంట్లో ఉన్నా. దారిలో టీ కోసం ఆపిన రెండుసార్లూ అవసరం లేకపోయినా ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేశా.

నాన్న నల్లద్దాలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. నేను తాళం తిప్పబోతుంటే ఉండమని చెయ్యి అడ్డం పెట్టారు, కిటికీ అద్దం దించారు, ఫ్యాన్ ఆపమన్నారు. ఇగ్నిషన్ వేశా, వెనకనుంచి పంపు రెండు సెకన్లు పాడి ఆగింది. తిప్పా. ఒక్క తిప్పుకి అందుకుంది. "అదీ" అన్నారు, అంతే, ఇంకేం అన్లేదు. డాక్టరు కన్ను బాగుందన్నాడు, అద్దాలు ఇంకో రెండు వారాలు పెట్టుకోమన్నాడు.

సాయంత్రం మావయ్య వచ్చాడు. కుడి గడప కింద కూడా అట్లాంటి బోల్టే ఒకటి ఉందని, నీళ్ళు రెండు వైపులా వచ్చాయి కదా అని ఆయనే గుర్తుచేశాడు. విప్పే ముందు కొలిస్తే 0.18 వోల్టు. నడిచే బండే, కానీ మొదలైంది. చిలుము పల్చగా ఉంది, ఈసారి వైరు కోసే పని పడలేదు, రుద్ది బిగిస్తే 0.03కి దిగింది. అటువైపు స్పాంజి కూడా తడే, దాన్ని తీసి మావయ్య వాళ్ళ మిద్దె మీద ఆరేశాం, ఎండాక వేసుకుని వెళ్ళాలి. నాన్న సర్వీసు పుస్తకం అడిగి, నేను చెప్తుంటే రెండు అంకెలూ తేదీ వేసి ఆయనే రాసుకున్నారు, పెద్ద పెద్ద అక్షరాలతో.